నిండుగా ఉంచరాదు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఐదు బ్యాటరీలు చచ్చిపోయాయి. ఒక్కోటి చచ్చినప్పుడల్లా నేను మా ఆయన్ని తిట్టాను. మా ఆయన చార్జర్ని తిట్టాడు. మా నాన్న కాలాన్ని తిట్టాడు. క్లబ్బు వాళ్ళు మా ముగ్గుర్నీ కలిపి తిట్టారు. ఇన్ని తిట్లు పడ్డాక కూడా బ్యాటరీలు చస్తూనే ఉన్నాయి.

క్లబ్బంటే ట్యాంకుల క్లబ్బు. అసలు ట్యాంకులో పదహారో వంతు ఉండే నమూనాలు. చేతిలో రేడియో పెట్టె పట్టుకుని దూరంనుంచి నడుపుతారు. ఫిరంగి తిరుగుతుంది, వెనక నుంచి పొగ వస్తుంది, కంటికి కనపడని కిరణంతో ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. వీటిని బొమ్మలు అన్నవాళ్ళకి మా నాన్న మళ్ళీ కాఫీ ఇవ్వడు. నాన్న ట్యాంకు ఆయన పటాలంలో రెండేళ్ళు నడిపినదానికి అచ్చు నకలు. ఫిరంగి ఉండే టరెట్ మీద నూట నలభై ఏడు అంకె. ఇత్తడి రేకు కొట్టి, పాత కుట్టుమిషన్ల పళ్ళచక్రాలు బిగించి, నాలుగు చలికాలాలు కూర్చుని చేసుకున్నాడు. ఊళ్ళో దాని పేరే నూటనలభయ్యేడు.

మా ఊరి చర్చి పండగ హొదీ సెప్టెంబరు మొదటి ఆదివారం. చర్చిలో ప్రార్థన, ఇంటింటా బాతు వేపుడు, బ్యాండుమేళం, అవన్నీ అయ్యాక ఫుట్‌బాల్ మైదానం వెనక బంకమట్టి దిబ్బ మీద మా క్లబ్బుకీ పక్కూరి క్లబ్బుకీ ట్యాంకుల యుద్ధం. పోయినేడు మా ట్యాంకులు ఐదు దిబ్బ సగంలో నిలబడిపోయాయి. దెబ్బ తగిలి కాదు, బ్యాటరీలో సత్తువ లేక. పక్కూరి వాళ్ళు తీరిగ్గా వచ్చి ఒక్కోదాన్నీ కొట్టుకుంటూ పోయారు. "లాక్కెళ్ళడానికి గుర్రాన్ని పంపమంటారా?" అని మైకులో అడిగారు కూడా.

ఆ కోపం చలికాలమంతా కాగి మే నెలలో పొంగింది. క్లబ్బు అధ్యక్షుడు రదొవాన్ అందర్నీ ఫైర్ హాలుకి పిలిచాడు. ఊళ్ళో స్వచ్ఛంద ఫైర్ దళానికీ నాయకుడు అతనే, కాబట్టి ఆ హాలు అతనిదే అన్నట్టుంటాడు.

"పాత నికెల్ బ్యాటరీలకి దండం పెట్టేద్దాం. ఈ హొదీకి అందరం లైపోకి, అంటే లిథియం బ్యాటరీలకి, మారుతున్నాం. పక్కూరి వాళ్ళవన్నీ అవే."

"లైపోలంటే మండుతాయంట కదా?" అన్నాడు నాన్న కుర్చీలోంచి లేవకుండానే. "ఫైర్ దళం నాయకుడివి నువ్వే వాటిని తెమ్మంటున్నావా?"

"మండితే ఆర్పడానికి నేనున్నాగా, ఒతకార్ మామా."

"ఒతకారు బ్యాటరీలతో ఆ భయం లేదురోయ్," అన్నాడు వెనకనుంచి హినెక్. ముసలాయన, నాన్నతో బళ్ళో చదువుకున్నవాడు. "మండాలన్నా ఎంతో కొంత చార్జి ఉండాలి గదా!"

హాలంతా నవ్వింది. చేతులెత్తితే పది ఒకవైపు, ఒకటి ఒకవైపు. ఆ పదిలో మా ఆయన విలేమ్ చెయ్యి కూడా ఉంది. నాన్న టోపీ పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. మూడు రోజులు అల్లుడితో మాట్లాడలేదు. నాతో మాత్రం మామూలు కంటే ఎక్కువ మాట్లాడాడు, అదింకా కష్టం.

నాన్నకి కోపమొచ్చినా పంతానికి పోలేదు. కారణం బీరువా. క్లబ్బు బ్యాటరీలన్నీ మా పెరట్లో ఆయన వర్క్‌షాపులో ఉంటాయి. సహకార ట్రాక్టర్ స్టేషన్ మూసేసిన రోజు అక్కడ మెకానిక్‌గా పని పోగొట్టుకుని ఇంటికొస్తూ మా నాన్న తెచ్చుకున్న ఇనప బీరువా అది. దాని తాళంచెవి ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఆయన నడుముకే ఉంది. శనివారం పొద్దున ఒక్కొక్కరూ బ్యాటరీ కోసం వస్తారు. ఐదు నిమిషాల పనికి రెండు గంటలు కూర్చుంటారు. ఒతకారు చేతిలో పడ్డ బ్యాటరీ పదేళ్ళు బతుకుతుందని చుట్టుపక్కల పేరు. అమ్మ పోయాక నాన్నకి వారమంటే ఆ శనివారమే. మిగతావి దానికి ముందు రోజులూ, వెనక రోజులూ. తాళంచెవి ఉండాలంటే లైపో అయినా కొరివిదెయ్యం అయినా బీరువాలోకి రానివ్వాల్సిందే.

క్లబ్బు ఎనిమిది లైపోలు తెప్పించింది. నూటనలభయ్యేడుకి తీగలు మార్చే పని నా మీద పడింది. నేను వ్యవసాయ కాలేజీలో చదువుకుని పాలకేంద్రం ల్యాబులో వెన్న శాతాలు చూసుకుంటున్నదాన్ని. కానీ తగరం కరిగించి అతకడం నాకు కాలేజీ నేర్పలేదు, నాన్న నేర్పాడు, పదేళ్ళప్పుడు, ఇదే బల్ల మీద. ఆ బల్ల మీద అప్పుడున్న సామానే ఇప్పుడూ ఉంది. పట్టుకారు, ఆకురాళ్ళు, చెక్కముక్కకి బిగించిన ట్రాక్టర్ హెడ్‌లైటు బల్బు, సీసాలో ప్లమ్ సారా. పుట్టినప్పట్నుంచీ చూసేవి కాబట్టి నేను వాటిని చూడటం ఎప్పుడో మానేశాను.

జూన్‌లో ఒక శనివారం ట్యాంకు మూత విప్పి పాత బ్యాటరీ పైకి తీశాను. పది గుండ్రటి గొట్టాలు కలిపి కట్టిన మూట. కిలోకి పైనే ఉంటుంది. దాని చోట కొత్తది పెట్టి నాన్న చేతికిచ్చాను.

"ఏంటే ఇది, సబ్బుబిళ్ళలాగుంది?"

"బ్యాటరీయే నాన్నా. నీ ఇటుక కంటే రెట్టింపు సేపు నడుస్తుంది."

"ఇటుకని ఇటుకంటే నాకేం తప్పు లేదు. చేత్తో పట్టుకుంటే ఏదో పట్టుకున్నట్టుండేది."

పెరట్లో ఇసక కుప్ప ఎక్కించి చూశాం. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని ఎక్కిన కుప్ప అది. విలేమ్ రేడియో మీట ముందుకి తోశాడు. నూటనలభయ్యేడు సగం ఎక్కింది, ముక్కు పైకి లేపింది, అలా లేపుతూ లేపుతూ వెల్లకిలా పడి పురుగులాగా గాల్లో గొలుసులు ఆడించింది.

నాన్న మే నెల తర్వాత అప్పుడే మొదటిసారి నవ్వాడు. నవ్వి, దగ్గి, కళ్ళు తుడుచుకున్నాడు. "పదండి, అధ్యక్షుల వారికి చూపిద్దాం. శత్రువుకి పొట్ట చూపించే కొత్త యుద్ధ విద్య!"

ముందు భాగంలో ఆ కిలో బరువు ఉండబట్టే ట్యాంకు కుదురుగా ఎక్కేదని నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు బరువు తీసేశాం. చేసేదేముంది, కారు చక్రాలకి కొట్టే సీసం ముక్కలు డబ్బాడు ఏరి, పాత బ్యాటరీ కూర్చున్న చోటే వాటిని పేర్చి జిగురు పోశాం. మళ్ళీ తూస్తే పాత బరువే వచ్చింది.

నాన్న తక్కెడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అంటే, పనిచేసే బరువు తీసేసి పనిచెయ్యని బరువు పెట్టారన్నమాట."

"మావయ్యా, ఎక్కుతోందా లేదా?" అన్నాడు విలేమ్ చిరాగ్గా.

"ఎక్కుతోందయ్యా. అప్పుడూ ఎక్కేది."

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరి మీదా మండింది. కానీ ఆ రోజుకి పని జరిగింది, అది చాలనుకున్నాను.

లైపోలతో పాటు వచ్చిన కాగితం పెద్ద దుప్పటంత ఉంది, ఆరు భాషల్లో. వాటిలో మా భాష లేదు. నేను కూర్చుని అంతా చదివి, ల్యాబులో రాసుకునే పద్ధతిలో కుదించి, తెల్లటి అట్టముక్క మీద నల్ల సిరాతో ఐదు లైన్లు రాశాను. చార్జింగులో పెట్టి వదిలి వెళ్ళరాదు. ఎండలో ఉంచరాదు. గుచ్చరాదు. ఉబ్బితే వాడరాదు. నిండుగా ఉంచరాదు. బీరువా పక్కన చెక్కపలకకి నాలుగు పిన్నులతో కొట్టాను. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఆఖరిదొక్కటే తెలివైన మాట," అన్నాడు. "అది మాకు యాభై ఏళ్ళ కిందటే తెలుసు."

దారికొచ్చాడనుకుని లోలోపల సంతోషపడ్డాను.

పనులు పంచుకున్నాం. కొత్త చార్జరు తెర మీద అంకెలు నాన్నకి కుదరవు, కాబట్టి శుక్రవారం సాయంత్రం చార్జి చేసేది విలేమ్. శనివారం అందరూ నడుపుకుని తిరిగిచ్చేస్తే సోమవారం లెక్కచూసి బీరువాలో పెట్టి తాళం వేసేది నాన్న. రెండు వారాలు బండి సాఫీగా నడిచింది.

జులై మొదటి శుక్రవారం చార్జరు ఒక బ్యాటరీని పుచ్చుకోలేదు. కీచుమని అరిచి, ఎర్ర అక్షరాలు చూపించి ఊరుకుంది. విలేమ్ మీటరు పెట్టి చూశాడు. పదకొండు వోల్టులకి పైన ఉండాల్సింది నాలుగుంది.

"చచ్చింది," అన్నాడు. "నేను పోయిన వారం తిరిగిచ్చేటప్పుడు బాగానే ఉంది."

"ట్యాంకు స్విచ్చి ఆపావా?" అన్నాను.

"ఆపాను."

"గ్యారేజీ లైటు కూడా ఆపాననే అన్నావు. వారం రోజులు వెలిగింది."

"అది వేరు."

"టిఫిన్ డబ్బా బస్సు టాపు మీద పెట్టి నువ్వు ఇరవై కిలోమీటర్లు తోలావు. అదీ వేరేనా?"

విలేమ్ జిల్లా బస్సు డ్రైవరు. ఆ డబ్బా సంగతి ఇప్పటికీ డిపోలో చెప్పుకుంటారు. మొహం గంటుపెట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి వారం ఇంకో రెండు పోయాయి. వాటిలో ఒకటి దిండులాగా ఉబ్బింది. ఉబ్బినదాన్ని ఇంట్లో ఉంచకూడదు, చెత్తలో వెయ్యకూడదు. ఇసకలో పాతిపెట్టి ఆరుబయట ఉంచాలి. ఏ పాత్రలో పెట్టారని నన్నడగండి. నేను ఏటా ప్లమ్ జామ్ చేసే ఇరవై లీటర్ల గంగాళంలో. మూత పెట్టి, మూత మీద రాయి కూడా పెట్టారు.

"అది తప్ప మీకు గిన్నె దొరకలేదా?"

"మూత సరిగ్గా పట్టేది అదొక్కటే," అన్నాడు విలేమ్.

"జామ్ దేంట్లో చెయ్యమంటావు? నీ టిఫిన్ డబ్బాలోనా? అదీ లేదుగా!"

వంటింటి కిటికీలోంచి ఎప్పుడు చూసినా నా గంగాళం ఎండలో సమాధిలాగా కూర్చుని కనపడేది. ప్లమ్ కాయలు పండటం మొదలుపెట్టాయి.

విలేమ్ ఒక చచ్చిన బ్యాటరీని అమ్మినవాళ్ళకి పంపాడు. పది రోజులకి జవాబొచ్చింది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడారు, ఇది వాడినవాళ్ళ తప్పు, మార్చి ఇవ్వం, అని. ఆ కాగితం నేను అతని పళ్ళెం పక్కన పెట్టాను. అతను చదివి మడిచి నా పళ్ళెం పక్కన పెట్టాడు.

"నేను స్విచ్చి ఆపాను, బ్లజెనా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మరి దెయ్యం ఖాళీ చేస్తోందా?"

నాన్న రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుంటున్నాడు. మా ఇంట్లో అదొక చట్టం. కరువులో పుట్టినవాడు. పళ్ళెంలో గ్రేవీ చుక్క మిగిల్చి లేస్తే చిన్నప్పుడు నన్ను వెనక్కి పిలిచి కూర్చోబెట్టేవాడు. తుడిచిన పళ్ళెం అద్దంలాగా పక్కకి పెట్టి, "కుర్రాణ్ణి అనకే," అన్నాడు. "సరుకే చెడ్డది. పైకి సోకు, లోపల ఏం లేదు. నేను చెప్తే నవ్వారు."

అల్లుడి పక్షాన నాన్న మాట్లాడటం అదే మొదటిసారి. దానిక్కూడా నాకు కోపమొచ్చింది. ఆ వారం నుంచి విలేమ్ ముందు గదిలో సోఫా మీద పడుకున్నాడు. వంటింట్లో మా ముగ్గురి మాటలూ ఉప్పందుకో, తలుపెయ్యి వరకు వచ్చేశాయి.

ఆగస్టు రెండో వారానికి చచ్చినవి ఐదు. మిగిలినవి మూడు. హొదీకి మూడు వారాలుంది. రదొవాన్ మా గేటు దగ్గరే సైకిలాపి, దిగకుండా చెప్పాడు.

"శనివారం ఇరవయ్యెనిమిదిన అందరం మీ వర్క్‌షాపుకే వస్తున్నాం, మామా. మళ్ళీ బ్యాటరీలు తెప్పించాలంటే ముందు ఇది తేలాలి. నన్నడిగితే బీరువా ఫైర్ హాలుకి మార్చేద్దాం. తాళంచెవి నా దగ్గరుంటుంది."

"బీరువా ఏం పాపం చేసింది?"

"బీరువా ఏం చెయ్యలేదు. బీరువా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో చేస్తున్నారు." ఆ మాటంటూ రదొవాన్ చూపు విలేమ్ కారు మీదికి పోయింది. కారు లోపలి లైటు వెలుగుతోంది.

నాన్న చెయ్యి నడుము దగ్గరికి పోయింది. తాళంచెవి ఉందో లేదో చూసుకున్నట్టు.

తర్వాతి సోమవారం పాలకేంద్రంలో చల్లబరిచే యంత్రం చెడిపోయి మమ్మల్ని మధ్యాహ్నానికే పంపేశారు. ఇంటికొస్తే వర్క్‌షాపు తలుపు బార్లా తెరిచుంది. లోపల రేడియోలో బ్యాండుమేళం. నాన్న స్టూలు మీద కూర్చుని ఆపిలు చెక్కు తీస్తున్నాడు. ఆయన ముందు బల్ల మీద ట్రాక్టర్ హెడ్‌లైటు బల్బు ఉంది. అది వెలుగుతోంది. మామూలుగా కాదు, ఆరిపోయే ముందు ఉండే నిప్పురంగులో. బల్బు తీగలు రెండూ ఒక లైపోకి తగిలించి ఉన్నాయి.

"ఏంటి, అప్పుడే వచ్చేశావు?" అన్నాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"సోమవారం కదా. పడుకోబెడుతున్నా." ఆపిలు తొక్క తెగకుండా చుట్టుకుంటూ వస్తోంది, ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి. "మొన్న ముగ్గురూ సగం సగం మిగిల్చి తెచ్చిచ్చారు. అలా మిగుల్చి లోపల పెడితే పాడవవూ? బల్బు పూర్తిగా ఆరేదాకా ఆగి అప్పుడు తాళం వెయ్యాలి. నేనెప్పుడూ అంతే."

"ఈ కొత్తవాటికి కూడానా?"

"వాటికీ అంతేగా. నువ్వే రాశావుగా."

పలక వైపు తిరిగాను. నా చేతిరాత. ఐదు లైన్లు. నిండుగా ఉంచరాదు. నేను ఒకటికి పదిసార్లు చదివాను. దాని కింద ఇంకేమీ లేదు, తెల్ల అట్ట మాత్రమే ఉంది. ఆ దుప్పటంత కాగితంలో ఆ ముక్క ఉంది, నాకు బాగా గుర్తుంది. రాయాల్సిన పనిలేదనుకున్నాను. బ్యాటరీని ఎవరైనా కావాలని ఖాళీ చేస్తారా అనుకున్నాను.

తీగ పీకేశాను. క్లిప్పు కాలింది. బల్బు ఆరింది.

"ఇవి పూర్తిగా ఖాళీ అయితే ఒకటి ముందూ ఒకటి వెనకా చచ్చిపోతాయి నాన్నా. పాతవాటిలాగా కాదు. సగం ఉంచి పెట్టాలి."

"సగమా?"

"సగం."

"సగం ఉంచి లోపల పెట్టి తాళం వెయ్యడమా?" అన్నాడు. పళ్ళెం సగంలో వదిలేసి లేచి వెళ్ళమన్నట్టు చూశాడు నన్ను. కత్తి బల్ల మీద పెట్టాడు. "ఎన్ని?"

"ఐదు."

రేడియో ఆపాడు. ఆపిలుని నాలుగు ముక్కలు చేసి, గింజలు తీసి, వరసగా పెట్టాడు. ఒక్కటీ తినలేదు.

"అల్లుడికి నేను చెప్తా," అన్నాడు. "నువ్వు ఎత్తకు."

సరేనన్నాను. మంగళవారం చెప్పలేదు. బుధవారం విలేమ్ పొద్దున్నే బస్సెక్కబోతూ గ్యారేజీ లైటు ఆపి, వెనక్కొచ్చి, మళ్ళీ చూసుకుని వెళ్ళాడు. గురువారం కూడా నాన్న చెప్పలేదు. ఆదివారం భోజనాల దగ్గర నోరు తెరిస్తే చెప్పేసేలా ఉన్నాడు, కానీ "ఉప్పందుకో" అన్నాడు. నాకు పిచ్చెక్కిపోయింది. ఒక్క మాట కదా, అనేస్తే అయిపోతుంది కదా అని లోపల లోపల రుసరుసలాడాను. నేను మాత్రం ఏం చెప్పాను? నెలరోజులుగా మొగుణ్ణి సోఫా మీద పడుకోబెట్టినదాన్ని. బల్బు సంగతి చెప్తే అట్ట సంగతీ చెప్పాలి. నాన్న చెప్పాలి, ఇది ఆయన పని, ఆయనే వద్దన్నాడు అని సర్దిచెప్పుకుని తిరిగాను. విలేమ్ ఒక బజరు కొనుక్కొచ్చాడు. అగ్గిపెట్టెంత ఉంటుంది, బ్యాటరీ దిగిపోతుంటే అరుస్తుంది. "దీంతోనైనా నన్ను నమ్ముతారేమో," అని బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పితిప్పి చూశాడు.

ఇరవయ్యెనిమిదో తారీకు శనివారం అందరూ వచ్చారు. రదొవాన్ బరువులు మోసే రెండు చక్రాల తోపుడుబండి కూడా తెచ్చాడు. దాన్ని తలుపు దగ్గర నిలబెట్టాడు. తీర్మానం ఇంకా జరగలేదు, బండి మాత్రం వచ్చింది.

నేను కాఫీలూ కొలాచెలూ, అంటే గసగసాలు పెట్టిన తీపి బన్నులు, పళ్ళెంలో పెట్టుకుని లోపలికెళ్ళాను. మొదట నా కళ్ళు పోయింది బీరువా పక్కన పలక మీదికే. అట్ట లేదు. నలుచదరంగా లేతరంగు మచ్చ, నాలుగు మూలలా నాలుగు పిన్ను రంధ్రాలు.

"సరే," అన్నాడు రదొవాన్. "ఐదు బ్యాటరీలు. ఎవరినీ వేలెత్తి చూపాలని కాదు..."

"నేను," అన్నాడు నాన్న.

ఎవరికీ అర్థం కాలేదు. నాన్న లేచి బల్ల దగ్గరికెళ్ళి బల్బు ఎత్తి అందరికీ చూపించాడు. "దీంతో. సోమవారం సోమవారం ఖాళీ చేసి పెట్టాను. ఐదూ నేనే. మా అల్లుడు ప్రతిసారీ స్విచ్చి ఆపాడు."

హినెక్ నోట్లో కొలాచె ఉంది, నమలడం ఆపాడు. విలేమ్ మామగారి వంక కాదు, నేల వంక చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి... ఎవరూ చెప్పలేదా మామా?" అన్నాడు రదొవాన్. గొంతు తగ్గింది. "వీటిని ఎలా ఉంచాలో, కాగితం గట్రా ఏమీ లేదా ఇక్కడ?"

"ఏం లేదు," అన్నాడు నాన్న. "ఎవరూ రాయలేదు. నా పాత అలవాటు, అంతే."

నా వైపు చూడలేదు. విలేమ్ మాత్రం తలెత్తాడు. ప్రతి శుక్రవారం చార్జరు పెట్టుకుని ఆ పలక ఎదురుగా కూర్చున్న మనిషి. లేతరంగు మచ్చని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

నేను పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను.

"కాఫీ చల్లారిపోతోంది," అన్నాను.

నాన్న నడుము దగ్గర చెయ్యి పెట్టి తాళంచెవి విప్పడానికి తంటాలు పడ్డాడు. ఇరవయ్యెనిమిదేళ్ళ రింగు, తేలిగ్గా రాలేదు. చివరికి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. రదొవాన్ చెయ్యి చాపేలోపు విలేమ్ దాన్ని తీసుకున్నాడు.

"నా దగ్గరుంటుంది," అన్నాడు. "బీరువా ఇక్కడే ఉంటుంది. కారణం తెలిసిపోయిందిగా, ఇంక మోసుకుపోవడం దేనికి?"

"హమ్మయ్య," అన్నాడు హినెక్ కొలాచె మింగి. "ఫైర్ హాల్లో కాఫీ ఎవడిస్తాడు మనకి, ఈ రదొవానా?"

తోపుడుబండి ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం విలేమ్ తాళంచెవిని తలుపు పక్కన, నాన్న టోపీ తగిలించే మేకుకే తగిలించాడు. నాన్న టోపీ తీసుకునేటప్పుడల్లా అది గలగలలాడేది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. సోఫా మీద దిండు మా గదిలోకి తిరిగొచ్చింది. విలేమ్ అట్ట గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండునని నేను వారం రోజులు ఎదురుచూశాను, అదొక శిక్ష.

హొదీ రోజు ఎండ బాగా కాసింది. బ్యాటరీలు మూడే కాబట్టి మా వాళ్ళు మూడు ట్యాంకులతోనే దిగారు. పక్కూరి వాళ్ళు ఏడు తెచ్చారు. నూటనలభయ్యేడు సీసం బరువుతో ముక్కు నేలకి ఆనించుకుని, ఒక్కో అడుగే ఎక్కుతూ, దారిలో రెండింటిని కొట్టింది. ముప్పావు గంటకి దిబ్బ నెత్తికి నాలుగడుగుల దూరంలో ఉంది. పైన జెండా. జెండా తాకితే గెలిచినట్టే. జనం "ఒతకార్! ఒతకార్!" అని అరుస్తున్నారు.

అప్పుడు బజరు మోగింది. సన్నగా, చెవి కోసేలాగా.

"పోనివ్వు మామా! నాలుగడుగులే!" అని రదొవాన్ గొంతు చించుకున్నాడు. "అందులో ఇంకా ఉంటుంది!"

ఉంటుంది. అది నాన్నకీ తెలుసు. ఆయన రేడియో పెట్టె మీద బొటనవేళ్ళు రెండూ తెల్లగా అయిపోయాయి. నాన్న మీట వదిలేశాడు. నూటనలభయ్యేడు దిబ్బ మీద ఆగింది. నాన్న రేడియో విలేమ్ చేతికిచ్చి, బంకమట్టిలో బూట్లు జారుతుండగా దిబ్బెక్కి, ట్యాంకుని రెండు చేతుల్తో ఎత్తుకుని దిగొచ్చాడు. మైకులో ఎవరో ఏదో అన్నారు. పక్కూరి వాళ్ళు నవ్వారు. మేం ఓడిపోయాం.

ఇంటికొచ్చాక విలేమ్ బ్యాటరీ తీసి మీటరు పెట్టాడు. కాస్త చార్జి ఎక్కించి సగానికి తెచ్చాడు.

"సగమేనా?" అన్నాడు నాన్న పక్కన నిలబడి.

"సగమే, మావయ్యా."

"తాళం వేసెయ్."

విలేమ్ తాళం వేశాడు. నాన్న ఆ రాత్రి భోజనంలో రెండుసార్లు తలుపు వైపు చూశాడు, పళ్ళెంలో ఏదో వదిలేసి లేచొచ్చినవాడిలాగా.

అక్టోబరులో చలికోట్లు దులుపుతుంటే నాన్న పని కోటు లోపలి జేబులో గట్టిగా ఏదో తగిలింది. నాలుగు మడతలు పెట్టిన తెల్ల అట్ట. విప్పాను. నా ఐదు లైన్లు. నాలుగు మూలలా పిన్ను రంధ్రాలు. ఐదో లైను కింద ఖాళీ జాగాలో లావుపాటి వడ్రంగి పెన్సిలుతో, నా అక్షరాల్నే చూసి రాసినట్టు జాగ్రత్తగా రాసి ఉంది. ఖాళీగానూ ఉంచరాదు.

వెళ్ళి ఆ పలక మీదే, ఆ రంధ్రాల్లోనే పిన్నులు గుచ్చాను.

శనివారం హినెక్ వచ్చి స్టూలు లాక్కుని కూర్చోబోతూ ఆగిపోయాడు. కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడు.

"ఇదెప్పుడు పెట్టారు ఇక్కడ?"

"ఇవాళే," అన్నాడు నాన్న కాఫీ పోస్తూ.

"జూన్‌లో," అన్నాను నేను. "నేనే రాశాను. ఆఖరి లైను తప్ప."

హినెక్ అట్ట వైపు చూశాడు. నా వైపు చూశాడు. చార్జరు ముందు కూర్చున్న విలేమ్ వెనక్కి తిరగలేదు గానీ, అతని భుజాలు కాస్త కిందికి దిగాయి. నాన్న గిన్నె పట్టుకునే ఉన్నాడు.

"కూర్చోవోయ్ హినెక్," అన్నాడు. "కాఫీ చల్లారిపోతోంది."